సారాంశం చూసి చెప్పిన జవాబు

లైబ్రేరియన్ అంటే పుస్తకాలకు కాపలా ఉండేవాడని మా చుట్టాల్లో చాలామందికి ఇప్పటికీ ఒక నమ్మకం. "నీకేందిరా, ఫ్యాన్ కింద కూసుండి పేపర్ సదువుకునే నౌకరి" అని మా పెద్దబావ నా మొహం మీదే అనేవాడు. నేను కాదనలేదు. ఫ్యాన్ ఉండేది, పేపరూ ఉండేది. ఆ రెండింటి మధ్య ముప్పై రెండేళ్లు నేను చేసిన పని ఏమిటో, ఆ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్ల గోల ఇందులో ఉండదు. అవి ఎవరి సర్వీసులో చూసినా ఒకేలా ఉంటాయి, చదివితే నిద్రొస్తుంది.

నేను పనిచేసింది వరంగల్ శివార్లలోని ఒక ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో. అక్కడి శాస్త్రవేత్తలు పొలాల్లో ప్రయోగాలు చేస్తారు, ఫలితాలను వ్యాసాలుగా రాసి జర్నళ్లకు పంపుతారు. ఆ జర్నళ్లను తెప్పించి అడిగినవాళ్లకు చూపించడం నా పని. మా నాన్నకు మట్టెవాడలో కిరాణా కొట్టు ఉండేది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఆయన, "అడిగినోనికి సామాను సూపియ్యాలె, గంతేనా నీ పని?" అని అడిగాడు. అంతే అన్నాను. "మరి సూపియ్యొద్దు అంటే ఏం జేస్తవురా?" అన్నాడు. పుస్తకాలు చూపించొద్దని ఎవరంటారని నవ్వేశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు.

పోస్టుకార్డుల కాలం

నేను చేరినప్పుడు మా పెద్ద లైబ్రేరియన్ రామేశం గారు. జర్దా నములుతూ ఉండేవారు. ఊసి రావడానికి లేచినప్పుడల్లా నాకో పాఠం చెప్పి వెళ్లేవారు. అందులో ఒకటి ఇది: "వచ్చినాయన మొదలు అడిగేది అసలు ప్రశ్న గాదు. మొగమాటపడి ఇంకేదో అడుగుతడు. అసలుది మూడోసారి బయటికొస్తది. అప్పటిదాంక నువ్వు నోరు మూసుకొని కూసో." ఈ పాఠాన్ని నేను పాతికేళ్లు పాటించాను. ఒక్కసారి తప్పాను. ఆ ఒక్కసారి గురించి చెప్పడానికే ఇంతా రాస్తున్నాను.

అప్పట్లో ఒక వ్యాసం అచ్చయితే జర్నల్ వాళ్లు దాని విడి ప్రతులు కొన్ని రచయితకు పంపేవారు. రీప్రింట్లు అనేవాళ్లం. ఎక్కడెక్కడి దేశాల నుంచో పోస్టుకార్డులు వచ్చేవి: మీ ఆముదం వ్యాసం ఒక ప్రతి పంపగలరా, మీ మిర్చి వ్యాసం ఒకటి దయచేయగలరా అని. నేను కవర్లలో పెట్టి పంపేవాణ్ణి. ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే దేశం నుంచి ఒకాయన మా మిర్చి తామర పురుగు వ్యాసం అడిగాడు. మంచులో మిర్చేమిటో నాకు అంతుపట్టలేదు. ఉండబట్టలేక రీప్రింటుతో పాటు ఒక చీటీ పెట్టి అడిగేశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. వాళ్లు అద్దాల ఇళ్లలో పూలు పెంచుతారట, అదే జాతి పురుగు అక్కడా పడిందట. మన వరంగల్ పురుగుకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదని రామేశం గారు వారం రోజులు నవ్వారు.

ఈ పని చేయమని మాకెవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. ప్రయోగం జరిగింది సర్కారు సొమ్ముతో. రాసినవాళ్లకు జీతం సర్కారుది, కవరు మీద స్టాంపూ సర్కారుదే. అడిగినవాళ్లకు పంపడం మర్యాద అనుకునేవాళ్లం. ప్రతి వ్యాసానికి రెండు ప్రతులు మాత్రం నేను తీసి, మూలనున్న ఉక్కు బీరువాలో సంవత్సరాల వారీగా పెట్టేవాణ్ణి.

నేను ఖాళీ చేసిన బీరువా

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పైవాళ్లు చాలా సంస్థలకు కలిపి ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక పాస్‌వర్డ్ కొడితే వందల జర్నళ్లు తెర మీద కనిపించేవి. నేను కూడా పండగ చేసుకున్నాను, అబద్ధమెందుకు. అదే సమయంలో మా డైరెక్టరుకు వీడియో సమావేశాల కోసం ఒక గది కావలసి వచ్చింది. లైబ్రరీలో ఆ మూల బాగుందన్నారు. "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నయి కదా, గీ పాత కాగితాలెందుకు?" అని అడిగారు. నాకూ నిజమే అనిపించింది. తీసివేయవలసిన వాటి జాబితా నేనే తయారుచేశాను. అడుగున సంతకం కూడా నేనే పెట్టాను. పద్దెనిమిదేళ్ల రీప్రింట్లు చిత్తుకాగితాల బండెక్కాయి.

కొన్నేళ్లకు ఆ ఒప్పందం ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు తేడా. అచ్చు జర్నలుకు చందా ఆపేస్తే కొత్త సంచికలు రావు, పాతవి అల్మారాలో ఉంటాయి. ఆన్‌లైన్ చందా ఆపేస్తే పాతవీ పోతాయి. పెళ్లికి అద్దెకు తెచ్చిన గిన్నెల్లాంటివి అవి, మనం వండుకున్నామని మనవి కావు. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇది: మీ సంస్థలో పుట్టిన పరిశోధన ప్రతి ఒకటి మీ దగ్గర, మీ చేతిలో ఉండాలి. ఇంకొకరి తెర మీద కనిపిస్తోందని నమ్మి దాన్ని బయట పడేయకండి.

కొమురయ్య అడిగింది

అది వేసవి. ఊరూరా చెరువుల్లో పూడిక తీస్తున్న రోజులు. ఎర్ర చెలకల్లో, అంటే ఎర్రమట్టి మెట్ట పొలాల్లో, చెరువు మన్ను పోస్తే నేల తేమ పట్టి ఉంచుతుంది, పత్తి బాగా నిలబడుతుంది. అందుకని రైతులు ట్రాక్టర్లు పెట్టి తోలుకుంటున్నారు. ఒక మంగళవారం మధ్యాహ్నం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి కొమురయ్య అనే రైతు మా లైబ్రరీకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. గడప దగ్గర చెప్పులు విడిచాడు, వద్దన్నా వినలేదు.

"సార్, చానేండ్ల కింద మీ కాడి విమల మేడం మా చెలకల మూడేండ్లు చెరువు మన్ను పోసి పరీక్ష జేసింది. ఏటేట కొత్తగ నాలుగు మళ్లు గట్టి, కొన్నిట్ల పోసుడు, కొన్ని ఉత్తగ ఇడిసిపెట్టుడు. పత్తి తూకమేసుకునేది, మన్ను సంచులల్ల నింపుకపోయేది. మల్ల రాలే. ఏం తేలిందో జర జెప్తరా?"

"గన్నేండ్ల ముచ్చట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది కొమురన్నా?" అని అడిగాను.

"చెరువు తోడుతాన్రు సార్. ఊరంత మన్ను పోసుకుందమంటాన్రు. మేడం పోసింది మా చెరువు మన్నే గదా. ఎర్కజేసుకొని పోదమని అచ్చిన."

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు నేను ముచ్చటపడ్డాను. ఒక ప్రయోగానికి తన పొలం ఇచ్చిన మనిషి ఫలితం అడుగుతూ మా గడప తొక్కడం నా సర్వీసులో అదే మొదలు. హుషారుగా వెతికాను. వ్యాసం దొరికింది. ఒక విదేశీ జర్నల్లో అచ్చయింది. తెర మీద పేరుంది, విమల మేడం పేరుంది, కింద ఎనిమిది వాక్యాల సారాంశముంది. దాని కింద తాళం బొమ్మ. మిగతాది చదవాలంటే డబ్బు కట్టమంది. ఉచితంగా ఇచ్చేది సారాంశం వరకే.

సారాంశం చదివాను. మూడు ఊళ్లు, మూడు చెరువులు, మూడేళ్లు. చెరువు మన్ను వేసినచోట తేమ పెరిగింది, పత్తి దిగుబడి చాలావరకు పెరిగింది, రైతులకు సిఫారసు చేయవచ్చు.

"మంచిదనే తేలింది కొమురన్నా. పోసుకోవచ్చట" అన్నాను.

"అంటే సార్, ఆ వాగు మూల దిక్కు..." అని ఏదో మొదలుపెట్టాడు.

"ఏ దిక్కయితేంది, చెరువు ఒక్కటే గదా. ఫికర్ జెయ్యకు."

అతను కంప్యూటర్ వైపు కాసేపు చూశాడు. "గండ్ల రాసున్నదా సార్?"

"గిండ్లనే రాసున్నది."

"గట్లయితే సరే" అని దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఒక రైతుకు సైన్సు చేరవేశానని నేను ఆ సాయంత్రం ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

శనివారం రిజిస్టరు

రామేశం గారు పెట్టిన ఆనవాయితీ ఒకటి మా లైబ్రరీలో ఉండేది. వారంలో ఎవరేం అడిగారో, మేమేం చెప్పామో శనివారం ఒక రిజిస్టరులో రాయాలి. చివరి గడి పేరు "ఏది చూసి చెప్పారు". దాని మీద మిగతా సిబ్బంది జోకులు వేసేవాళ్లు. కొమురయ్య ప్రశ్న రాశాను, జవాబు రాశాను, చివరి గడిలో "వ్యాసం" అని రాశాను. రాశాక చెయ్యి ఆగింది. నేను వ్యాసం ఎక్కడ చూశాను? కొట్టేసి "సారాంశం" అని రాశాను. ఏం చదివానో సరిగా ఎక్కిద్దామని మళ్లీ తెర తెరిచాను.

ఈసారి "చాలావరకు" అనే మాట దగ్గర ఆగిపోయాను. మూడు ఊళ్లలో మూడేళ్లంటే తొమ్మిది పంటలు. చాలావరకు పెరిగిందంటే, పెరగనిది ఎక్కడ? అది ఏ ఊరు, ఏ ఏడు? మొదట ఇది ఉత్త కుతూహలం. రెండు నిమిషాలకు ఇది తట్టింది: ఆ పెరగనిది కొమురయ్య చెలకే అయితే?

తాళం తీయడానికి నా దగ్గర దారి లేదు. విదేశీ సైటుకు డబ్బు కట్టే ఏర్పాటు మా ఆఫీసులో లేదు. ఫైలు పెట్టి అనుమతి తెచ్చుకునేసరికి వానలు పడతాయి. అలవాటు చొప్పున రీప్రింట్ల మూలకు నడిచాను. అక్కడ వీడియో గది, లోపల ఏసీ చప్పుడు. ఆ వ్యాసం రీప్రింటు వచ్చిన రోజు నాకు గుర్తుంది. నీలం అట్ట. జాబితాలో దాని పేరు రాసింది కూడా నా చెయ్యే.

మేడం ఇంట్లో

విమల మేడం అప్పటికి రిటైరై హనుమకొండలో ఉంటున్నారు. ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద వెళ్లాను. మేడం కోపిష్ఠి అని మా కేంద్రంలో పేరు. పనిలో మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. సంగతి విని తన ఫోన్‌లోనే వ్యాసం వెతుక్కున్నారు. అక్కడా తాళమే.

"రాసింది నేను. నాకే అమ్ముతాన్రా?" అన్నారు.

"హక్కులన్నీ వాళ్లకిస్తున్నట్టు అప్పుడు మీరు సంతకం పెట్టుంటారు మేడం."

"పెట్టిన. పెట్టకుంటే అచ్చెయ్యరు గదా. ఎవరు సదువుతరు ఆ ఫారాలు?"

ఆవిడ రీప్రింట్లు ఇల్లు మారినప్పుడు ఎటో పోయాయి. అటక మీది నుంచి అట్టపెట్టెలు దించాం. మూడో పెట్టెలో దొరికింది: జర్నల్ వాళ్లు అంగీకరించాక ఆవిడ పంపిన ఆఖరి టైపు ప్రతి. అచ్చులో ఉన్న మాటలే, జర్నల్ ముద్ర మాత్రం లేదు. మేడం కళ్లజోడు పెట్టుకుని పట్టిక దగ్గరికి పోయారు. తొమ్మిది అంకెల్లో ఎనిమిది పెరిగాయి. ఒకటి తగ్గింది. రెండో స్థలం, రెండో ఏడు. పట్టికలో ఊళ్ల పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి.

"రెండో స్థలమంటే ఏ ఊరు మేడం?"

ఆవిడ ఆ వరుస మీద వేలు పెట్టి, "కొమురయ్య చెలక" అన్నారు.

పట్టిక కింద ఒక ఇంగ్లీషు వాక్యం. దాని తెలుగు ఇది: ఈ ఒక్క ఫలితానికి కారణం తెలియరాలేదు, వర్షపాతంలో తేడా కావచ్చు.

కొట్టంలో చదివిన పట్టిక

సోమవారం పొద్దున్న ప్యాసింజర్ రైల్లో ఇద్దరం స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఊరు రాకముందే ట్రాక్టర్లు ఎదురయ్యాయి, నల్లమన్ను నింపుకుని. మేడం, "ఎక్కడికెల్లి తెస్తున్నరో అడుగు" అన్నారు. పరీక్షకు వాడిన చెరువు మన్నేనా అని ఆవిడ సందేహం, అడిగేలోపే ట్రాక్టర్లు దాటిపోయాయి.

కొమురయ్య మమ్మల్ని పశువుల కొట్టంలో నులక మంచం మీద కూర్చోబెట్టాడు. పక్కింట్లో ఉండే అతని మరదలు, తమ్ముడి భార్య సమ్మక్క, చాయ్ తెచ్చి అక్కడే నిలబడింది. మేడం పట్టికలోని అంకెలు ఒక్కొక్కటే తెలుగులో చెప్పారు. మొదటి ఏడు పెరిగింది. రెండో ఏడు తగ్గింది. మూడో ఏడు మళ్లీ పెరిగింది.

"గంతే గదా మల్ల, తగ్గకుంటెట్ల?" అన్నాడు కొమురయ్య.

"ఎందుకు తగ్గిందో మాకు తెల్వలేదు కొమురయ్యా. వానల తేడా అని రాసిన" అన్నారు మేడం.

"తెల్వలేదా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆ యేడు చెరువుల కట్ట దిక్కు నీళ్లు నిలిచినయి గదా మేడం. మీ జీపు డ్రైవరు వాగు మూలకెల్లి తోడిచ్చిండు. వాగు సౌడు భూములల్లకెల్లి అస్తది, ఆ మూల మన్నంత ఉప్పు పట్టిన సౌడే. తడి మీద నల్లగనే ఉంటది, ఎండితె తెల్లగ పేరుకుంటది. నేను జెప్పిన. 'మాకు చెరువు మన్నయితె సాలు' అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగకపోతిరి. నన్నడిగితె చెప్పకపోదునా?"

మేడం ముఖం ఎర్రబడింది. తన మీద తనకే కోపమని తెలుస్తూనే ఉంది. వ్యాసాన్ని అచ్చుకు ముందు ఇద్దరు పరిశీలకులు చూశారు, ఇద్దరూ దూరదేశాల వాళ్లు. కారణం తెలిసిన మనిషి ఆ ప్రయోగం జరిగిన గట్టు మీదే ఉన్నాడు. వ్యాసం అతనికి చేరి ఉంటే ఆ వాక్యం అంతకాలం అలాగే ఉండిపోయేది కాదు.

నేను ట్రాక్టర్ల సంగతి అడిగాను. ఇప్పుడు మన్ను తోడుతున్నది ఎక్కడ?

"వాగు మూలనే. రోడ్డుకు దగ్గర గదా" అన్నాడు.

"సౌడని నీకు తెలుసుగదా కొమురన్నా! మరెట్ల తోలనిచ్చినవ్?"

అతను నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "నా అనుమానం అదే సార్. గందుకే మీ కాడికి అచ్చిన. మీరు మిషన్ల సూసి ఏ దిక్కయిన ఒక్కటే అంటిరి. పరీక్షలు జేసినోళ్లే మంచిదన్నంక, నాదే తప్పనుకున్న."

నా ఉద్యోగంలో నేను పడ్డ సిగ్గుల్లో దానికి సాటి ఇంకోటి లేదు. అతనికి తెలియనిది నేనేమీ చెప్పలేదు. అతనికి తెలిసినదాన్నే తుడిచేసి పంపాను. మూడోసారి వచ్చే ప్రశ్న కోసం ఆగమన్న రామేశం గారి మాట మరిచి, రెండోసారికే నోరు మూయించాను.

చాయ్ గ్లాసులు తీస్తూ సమ్మక్క అంది: "నా అర ఎకరంల మొన్ననే పోసి దున్నిచ్చిన సారూ. మా బావ జెప్పిండని ఊర్ల మొదలు నేనే పోయించిన."

ఆ పూటే ట్రాక్టర్లను ఆపించి కట్ట వైపు మళ్లించారు. కుప్పలుగా ఉన్నవాటిని ఎత్తించేశారు. దున్నేసిన మన్నును ఎత్తలేం. మేడం చెరువు రెండు దిక్కుల మన్నూ సంచుల్లో నింపి పరీక్షకు ఇచ్చారు. వారంలో తేలింది, కొమురయ్య చెప్పిందే. వాగు మూల చౌడు, కట్ట వైపు మేలైన మన్ను.

ఎవరూ చదవని ఫారాలు

మేడం టైపు ప్రతిని మా కేంద్రం వెబ్‌సైటులో అందరూ చదివేలా పెడదామని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను. వీడియో గది కట్టించినాయన అప్పటికి వెళ్లిపోయాడు. ఈయన కొత్త. "ప్రచురణకర్త కేసు ఏస్తే?" అన్నారు. అప్పటికి నేను హక్కులు రాసిచ్చే ఆ ఫారం అక్షరం అక్షరం చదివి ఉన్నాను. అచ్చయిన రూపాన్ని పెట్టకూడదు. రచయిత ఆఖరి ప్రతిని మాత్రం, కొంత గడువు దాటాక, తన సంస్థ సైటులో ఉంచుకోవచ్చు. గడువు ఎప్పుడో దాటింది. ఆయనకు ఆ పేరా చూపించాను.

"ఈ ఫారం మీద నేను కూడా చాన సార్లు సంతకం పెట్టిన. గీ మాట ఇండ్ల ఉన్నదా?" అన్నారు. చదివితే ఉంటుంది సార్ అనబోయి ఆగాను. ఆయన ఆ రోజే తన టైపు ప్రతులు కూడా వెతికి పంపారు. అధికారుల్లో ఇంతకంటే మంచి గుణం నాకు తెలియదు: తెలియదని ఒప్పుకోవడం, అదే పూట పని మొదలుపెట్టడం.

అందరూ ఇంత సులువుగా ఇవ్వలేదు. జర్నల్ ముద్ర లేని టైపు కాగితాలు పెడితే పరువు తక్కువని కొందరు. ఎవడో కాపీ కొడతాడని కొందరు. చాలామంది తాళాలు పగలగొట్టే సైట్లలో పక్కవాళ్ల వ్యాసాలు దించుకునేవాళ్లు, తమవి ఇమ్మంటే మాత్రం చట్టం మాట్లాడేవాళ్లు. వాళ్ల మీద నాకు చిరాకు ఉండేది, ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరేవాళ్లు దొంగదారులకు పోకండి. రచయితకు ఉత్తరం రాసి అడగండి, ఫారాలు చదవండి, ఆఖరి టైపు ప్రతి అచ్చుకు పోయిన వారమే అడిగి తీసుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత అటక ఎక్కితే ప్రతిసారీ దొరకదు.

ఇంకో మాట. తాళం తీసినంత మాత్రాన కొమురయ్య దాన్ని చదవలేడు, అది ఇంగ్లీషు. అందుకని ప్రతి వ్యాసానికీ ఒక పేజీ తెలుగు రాసి జత చేయడం మొదలుపెట్టాం. పట్టికలో అంకెల పక్కన ఊళ్ల పేర్లు పెట్టాం. తగ్గినవీ, పాడైనవీ, కారణం తెలియనివీ అందులో ముందు రాయాలని నేను పట్టుబట్టాను. మేలైన ఫలితాలు ఎలాగూ నలుగురి నోటా పడతాయి.

సమ్మక్క అర ఎకరం

ఆ ఏడు సమ్మక్క అర ఎకరంలో పత్తి అక్కడక్కడ మొలిచి, మొలిచింది పసుపురంగుకు తిరిగి ఎండిపోయింది. నేను చూడ్డానికి వెళ్లాను. క్షమించమని అడిగాను. "కోపం లేదంటే అబద్దమైతది సారూ" అంది. "మీ మీద గాదు, మీ మిషన్ మీద గాదు. మాకు తెల్వకుండ మా ఊరి మన్ను సంగతి కాయితాలల్ల తిరిగింది సూడు, దాని మీద."

విమల మేడం ఊరుకోలేదు. ఆ అర ఎకరాన్ని బాగు చేయాలని సమ్మక్కతో కలిసి కూర్చున్నారు. పచ్చిరొట్టకు జీలుగ చల్లి దున్నడం, చౌడు విరగడానికి జిప్సం వేయడం, వాలు చూసి కాలువ తీయడం. మా కేంద్రంలో కొత్తగా చేరిన ఒక శాస్త్రవేత్త ప్రతి సీజన్‌కూ వెళ్లి మన్ను పరీక్ష చేసేది. నేను ఈలోగా రిటైరయ్యాను, కానీ ఆ ఊరికి వెళ్లడం మానలేదు. మూడో ఏడు ఆ అర ఎకరం మిగతా చెలకతో సమానంగా కాసింది. నేను గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాను.

మేడం, ఆ అమ్మాయి కలిసి దాని మీద వ్యాసం రాశారు. ఎవరైనా ఉచితంగా చదువుకోగల జర్నల్‌కే పంపాలని ముందే అనుకున్నారు. పంపడానికి రెండు రోజుల ముందు ఇద్దరూ ఆ ఊరికి బయల్దేరారు, నన్నూ రమ్మన్నారు. కొట్టంలో అదే నులక మంచం. కొమురయ్య ఒక పక్క, సమ్మక్క నేల మీద. మేడం కాగితాలు ముందు పెట్టుకుని వాక్యం వాక్యం తెలుగులో చెబుతున్నారు. భూమి ఎలా పాడయిందో చెప్పారు, నా జవాబు సంగతితో సహా. ఏయే నెలలో ఏం చేశారో చెప్పారు. చివరికి వచ్చారు: నేల కోలుకోవడానికి ముఖ్య కారణం మొదటి ఏడు వేసిన జిప్సం.

"ఆగుండ్రి మేడం" అంది సమ్మక్క.

మేడం కాగితాల మీంచి తలెత్తారు.

"మొదటి యేడు జిప్సం నేను ఎయ్యలే. బస్తాలు ఆలస్యంగ అచ్చినయి, అప్పటికే వానలు వట్టినయి. కొట్టంల పెట్టిన. ఆ యేడు నేను జేసింది వేరే ఉన్నది. మీరు అడగలే, నేను చెప్పలే."

కొత్త శాస్త్రవేత్త కంగారుగా తన నోటుబుక్కులో పేజీలు తిప్పింది. ఆ పేజీలో జిప్సం అని రాసి ఉంది, తేదీతో సహా. అది బస్తాలు ఇచ్చిన తేదీ. మేడం ఆ పిల్లను ఏమీ అనలేదు. వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. పక్కన ఖాళీ కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని, మంచం మీది నుంచి దిగి సమ్మక్క ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"చెప్పు సమ్మక్కా" అన్నారు. "మొదటికెల్లి చెప్పు."